బస్సు ట్రిప్పులు మానేసి వీధి చివరిదాకా నడవండి: ప్లే స్కూల్ ఆటలు, బయటి షికార్ల గురించి

ప్రశ్న క్లుప్తంగా: "తెనాలిలో చిన్న ప్లే స్కూల్ నడుపుతున్నాను. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు 22 మంది, ఇద్దరు టీచర్లు, ఒక ఆయా. పోయినేడాది బస్సు మాట్లాడి పిల్లల్ని విజయవాడ తీసుకెళ్ళాం. సగంమంది దారిలో వాంతులు చేసుకున్నారు, మిగతా సగం నిద్రపోయారు. ఈ ఏడాది ఫీల్డ్ ట్రిప్ అంటేనే టెన్షన్. క్లాసులో ఆటల కోసం ఒక కంపెనీవాళ్ళు కిట్టు కొనమంటున్నారు, ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. పేరెంట్సేమో 'ఆటలు సరే, రాయించేదెప్పుడు?' అంటున్నారు. ఒకాయనైతే ఇవన్నీ ఫారిన్ పద్ధతులు, మనకి నప్పవన్నారు. ఏం చేయమంటారు?"

సమాధానం:

ముందు మీ బస్సు సంగతి తేల్చేద్దాం. ఈ ఏడాది బస్సు వద్దు. వచ్చే ఏడాది కూడా వద్దు. ఐదేళ్ళలోపు పిల్లలకి విజయవాడైనా, వీధి చివర ఇస్త్రీ బండైనా ఒకటే. నిజం చెప్పాలంటే ఇస్త్రీ బండే ఎక్కువ. బస్సు కిటికీలోంచి కృష్ణ వంతెన దాటిపోతుంటే మూడేళ్ళ పిల్లకి కనిపించేది ఇనప కమ్మీలే. అదే ఇస్త్రీ బండి దగ్గర పెట్టెలో ఎర్రటి బొగ్గులు, నీళ్ళు చిలకరిస్తే సుయ్‌మనే చప్పుడు, ముడతల చొక్కా నున్నగా అయిపోవడం అన్నీ చూస్తుంది. ఇంటికెళ్ళి అమ్మకి చెబుతుంది. మర్నాడు బళ్ళో చెక్కముక్క పట్టుకుని చేతిరుమాలు ఇస్త్రీ చేస్తుంది.

నేను చాలా ఏళ్ళు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి, రిటైరయ్యాక మీలాంటి చిన్న బళ్ళ టీచర్లకి ట్రైనింగ్ ఇస్తున్నాను. ఈ విషయం ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. పిల్లలు నడవగలిగినంత దూరంలోనే తిప్పండి, వెళ్ళిన చోటికే మళ్ళీ మళ్ళీ తీసుకెళ్ళండి, చూసొచ్చినదాన్ని మర్నాటి నుంచి బళ్ళో ఆడనివ్వండి. ఈ మూడోది చేయకపోతే మొదటి రెండూ ఉత్త నడకే.

వెళ్ళిన చోటికే ఎందుకు అంటారా? మొదటిసారి బయటికొచ్చిన పిల్లవాడు ఏమీ చూడడు. చెయ్యి ఎవరు పట్టుకున్నారు, చెప్పు ఎందుకు జారుతోంది, ఆ కుక్క కరుస్తుందా అన్నవే వాడి సమస్యలు. కిరాణా కొట్టు ముందు నిలబెడితే చాక్లెట్ సీసాలు తప్ప ఇంకేం కనబడవు. రెండోసారి తూకం కనబడుతుంది. మూడోసారికి "ఆ సంచిలో ఏముంది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న కోసమే మనం వెళ్ళేది. కొట్టాయన కూడా మొదటిసారి "త్వరగా కానివ్వండమ్మా" అన్నట్టు చూస్తాడు, మూడోసారికి తానే దోసిట్లో పెసలు పోసి చూపిస్తాడు. ఏడాదికి పది కొత్త చోట్ల కన్నా, మూడు నాలుగు చోట్లకి నెల నెలా వెళ్ళడం మేలు.

ఒక చోటు తీసుకుని మొదలు నుంచి చివరిదాకా చెబుతాను, మిగతావి మీరే అల్లుకోవచ్చు. రైతుబజారు అనుకుందాం. 1999లో మొదలైనప్పటి నుంచి మన ఊళ్ళలో అందరికీ తెలిసిన చోటే, పైగా ధరల బోర్డు ఉంటుంది.

పని రెండు రోజుల ముందే మొదలవ్వాలి. బుట్టలో బెండకాయ, దొండకాయ, వంకాయ, కాకరకాయ వేసి గుడ్డ కప్పండి. చూడకుండా చెయ్యిపెట్టి తడిమి చెప్పాలి. బెండకాయ నూగు, కాకరకాయ గరుకు, వంకాయ నునుపు అన్నీ వేళ్ళకి తెలుస్తాయి. మాటలూ అప్పుడే వస్తాయి. 'గరుకు' అనే మాటని బోర్డు మీద రాసి బట్టీ పట్టించడానికి వారం పడుతుంది, కాకరకాయ ఒక్క నిమిషంలో నేర్పిస్తుంది. మర్నాడు సాంబారు చేసుకుందామని పిల్లలతోనే నిర్ణయించండి. ఏమేం కావాలో వాళ్ళే బొమ్మలు గీస్తారు. గుండ్రంగా గీస్తే టమాటా, పొడుగ్గా గీస్తే మునక్కాయ. ఆ చీటీలే సరుకుల జాబితా. గీతకి ఒక అర్థముందని, దాన్ని చూసి ఇంకొకరు అది తెచ్చిపెడతారని పిల్లలకి తెలిసే సందర్భమిది. రాయడమంటే ఇదేగా!

బజార్లో ఇద్దరిద్దరికి ఒక చీటీ, ఒక పదో ఇరవయ్యో నోటు ఇవ్వండి. బేరం టీచరు చేయకూడదు. పిల్లలే అడగాలి. నేను చూసిన ఒక పిల్లాడు నోటు ముందుకు చాపాడు గానీ వదల్లేదు. టమాటాలమ్మే ఆవిడ ఒక కొస పట్టుకుంది, వీడు ఇంకో కొస. "వదిలితేనే కదా నాన్నా, కాయలిచ్చేది" అంది ఆవిడ. వాడు టీచరు వంక చూశాడు. టీచరు ఏమీ అనలేదు, నవ్వి ఊరుకుంది. కాసేపటికి వదిలాడు. ఆవిడ సంచిలో నాలుగు టమాటాలు వేసి, చిల్లర వాడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. కాయలూ వచ్చి, పైగా డబ్బులు కూడా వెనక్కి రావడం వాడికి ఎంత వింతగా ఉందంటే, బడికొచ్చేదాకా పిడికిలి తెరవలేదు. అక్కడ టీచరు చూపించిన ఓపిక ఏ కిట్టులోనూ దొరకదు. మనకి తొందరెక్కువ. పిల్లవాడి చేతిలోంచి నోటు లాగి మనమే ఇచ్చేస్తాం, దాంతో మొత్తం పాఠం పోతుంది.

తిరిగొచ్చాక కాయలు కడగడం, రకానికొక గిన్నెలో వేయడం, దొండకాయలు లెక్కపెట్టడం, కరివేపాకు దూయడం, చిక్కుళ్ళు ఈనె తీసి ఒలవడం పిల్లల పని. కత్తిపీట, పొయ్యి ఆయా పని. మధ్యాహ్నం ఆ సాంబారుతోనే అన్నం. ఇంట్లో కూరగాయ ముట్టనివాళ్ళు కూడా తాము కొన్నదని తింటారు.

మర్నాటి నుంచి క్లాసులో ఒక మూల బజారు పెట్టండి. బట్టల హ్యాంగరుకి రెండు వైపులా రెండు చిన్న ప్లాస్టిక్ జల్లెళ్ళు తాడుతో కట్టి మేకుకి తగిలిస్తే తక్కెడ. గులకరాళ్ళు తూకపురాళ్ళు. కాయితం ముక్కలు నోట్లు. దీన్ని ఒక్క రోజుకే తీసేయొద్దు. పది పదిహేను రోజులు ఉంచితే ఆట ఎలా పెరుగుతుందో చూడండి. మొదటి రోజు అందరూ అమ్మేవాళ్ళే, కొనేవాడుండడు. మూడో రోజుకి ఒకరు ఆటో డ్రైవరవుతారు, ఒకరు సంచులు మోస్తారు, ఒకరు "ఇక్కడ బండి పెట్టకూడదు" అని కసురుతుంటారు. మీరు మధ్యలో కొనేవాళ్ళుగా వెళ్ళి "అమ్మో, మరీ అంతా? మొన్న పదికే ఇచ్చావుగా" అనండి. ఎక్కువ, తక్కువ, ఇంకా, చాలు, సగం లాంటి లెక్కల మాటలన్నీ అక్కడే దొర్లుతాయి. బోర్డు మీద ధర మార్చాలన్నప్పుడు అంకె రాయాల్సిన అవసరం వాళ్ళకే వస్తుంది.

ఇక రాయించడం గురించి. పేరెంట్స్ మీద విసుక్కోకండి. పక్కింటి పిల్ల నాలుగేళ్ళకే అఆలన్నీ రాస్తుంటే ఏ తల్లికైనా గుబులుగానే ఉంటుంది. "ఆటలే చదువు" అని నినాదంలా చెబితే ఎవరూ నమ్మరు. చెయ్యి చూపించి చెప్పండి. పుట్టినప్పుడు బిడ్డ మణికట్టులో గట్టి ఎముకలుండవు, మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అక్కడి 8 చిన్న ఎముకలు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా రూపుకడతాయి, చివరిది మొదలయ్యేసరికే పిల్లవాడు హైస్కూల్ దరిదాపుల్లో ఉంటాడు. ఎముకలొక్కటే కాదు, వేళ్ళ కండరాల బలం, కంటికీ చేతికీ పొందిక కూడా రావాలి. బలం ముందు భుజానికి, తర్వాత మోచేతికి, మణికట్టుకి, చిట్టచివర వేళ్ళకి వస్తుంది. మూడేళ్ళవాడితో నాలుగు గీతల పుస్తకంలో రాయిస్తే వాడు పెన్సిల్‌ని పిడికిలితో పట్టి, మొత్తం భుజంతో రాస్తాడు. కాయితం చిరుగుతుంది, చెయ్యి నొప్పెడుతుంది, రాతంటే ఏడుపొస్తుంది. ఆ పిడికిలి అలవాటైపోతే తర్వాత మాన్పించడం మీకే కష్టం.

అందుకని రాతకి ముందు చేతికి పని పెట్టండి. గోడకి పాత పెయింట్ బ్రష్షుతో నీళ్ళు పూయించడం భుజానికి. తడిగుడ్డ పిండి ఆరేయించడం మణికట్టుకి. ఆరేసేటప్పుడు బట్టల క్లిప్పులు నొక్కితే బొటనవేలూ చూపుడువేలూ బలపడతాయి. చపాతీ పిండి ముద్దలు చేయించడం, బఠాణీలు ఒలిపించడం, పాత పేపరు చింపి అతికించడం కూడా ఆ కోవలోవే. పెన్సిల్‌ని మూడు వేళ్ళతో పట్టుకోవడానికి వత్తులు చేయడాన్ని మించిన కసరత్తు నాకు కనబడలేదు. ఒక బామ్మగారిని పిలిచి, దూది పెట్టి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టండి చాలు. నెలకోసారి ఓ గంట పేరెంట్స్‌ని పిలిచి ఇవే పనులు వాళ్ళతో చేయించండి. ఉపన్యాసం అక్కర్లేదు. అరగంట బంకమట్టి పిసికాక వాళ్ళ వేళ్ళే వాళ్ళకి చెబుతాయి. వాట్సాప్‌లో ఫొటో పెట్టేటప్పుడు "ఈ రోజు ఆనందంగా ఆడుకున్నాం" అని రాయకండి, దానికి విలువ లేదు. "చిక్కుళ్ళు ఒలిచి, పెద్దవి చిన్నవి వేరుచేసి, ఏవి ఎక్కువున్నాయో జతలుగా పేర్చి చూశారు" అని రాయండి.

కాగితం మీద ఆధారం కావాలనేవాళ్ళకి అదీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశ అంది, ఒకటో తరగతి ఆరేళ్ళకి అంది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో విడుదలైన పాఠ్యప్రణాళిక చట్రం ఆట ద్వారానే నేర్పమంటుంది. ఐదేళ్ళు దాటిన పెద్ద బ్యాచ్‌కి, చెయ్యి సిద్ధమైనవాళ్ళకి, రోజూ కాసేపు అక్షరాలు రాయించండి, నాకేం అభ్యంతరం లేదు. వాళ్ళ పేరుతోనే మొదలుపెట్టండి, అదైతే ఇష్టంగా రాస్తారు.

ఫారిన్ పద్ధతులన్న పెద్దమనిషికి మన దేశం కథ ఒకటి చెప్పండి. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు ఆ వృత్తి వదిలేసి, 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిర్ మొదలుపెట్టారు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి రాసినవి చదివి, వాటిని మన పిల్లలకి, మన పాటలకి, మన మట్టికి తగ్గట్టు మలచుకున్నారు. మాంటిస్సోరి మన మద్రాసుకి వచ్చి అడయారులో టీచర్లకి శిక్షణ ఇచ్చింది 1939లో, అంటే ఆయన బడి పెట్టిన చాలా ఏళ్ళకి. గిజుభాయితో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ చేరారు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి వెళ్ళాలని గిరిజన గూడేల వాకిళ్ళలో, చెట్ల కింద ఆకులు, గవ్వలు, గింజలతో నడిపారు. అంగన్‌వాడీ (అంగన్ అంటే వాకిలి) అన్న ఆలోచన అక్కడిదే. 1975 అక్టోబరు 2న కేంద్రం సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడు ఆ పేరే దేశమంతా పాకింది. వాకిట్లో బడి మనకి నప్పకపోతే ఇంకేం నప్పుతుందో ఆయన్నే అడగండి.

కిట్టు కొనొద్దు. కేంద్రం 2023లో తెచ్చిన 'జాదుయీ పిటారా' పెట్టెలో ఉన్నవేంటి? బొమ్మలు, పజిళ్ళు, ఫ్లాష్ కార్డులు, పోస్టర్లు, కథల పుస్తకాలు. అలాంటివి చాలావరకు మీరే చేసుకోవచ్చు. ఆ డబ్బుతో కొనాల్సినవేమన్నా ఉంటే నునుపు చేసిన చెక్క దిమ్మలు. మీ ఊరి వడ్రంగి దగ్గర ఒకే కొలత మీద చేయించండి, రెండు చిన్నవి కలిపితే ఒక పెద్దదానికి సరిపోవాలి. గోడ కడుతూ సగం, జత, సమానం అన్నీ వాళ్ళకే తెలుస్తాయి. ఇంకా మిగిలితే ఏటికొప్పాక లక్కపిడతలు. అంకుడు కర్ర మీద లక్క పట్టించి చేసేవి, మొక్కల రంగులు వాడినవి అడిగి తీసుకోండి. కొండపల్లి బొమ్మలు అందంగా ఉంటాయి గానీ అవి అలమరలో పెట్టి చూపించడానికి, పసిపిల్లల నోటికి కాదు.

ఖర్చు లేనివాటిలో నీళ్ళ తొట్టికి మొదటి స్థానం ఇస్తాను. వెడల్పాటి టబ్బులో బెత్తెడు నీళ్ళు, ఒక గరాటు, చెంబు, సన్నటి సీసా, వెడల్పు గిన్నె, టీ వడపోత. ఇచ్చేసి పక్కన కూర్చోండి. గిన్నెలో నీళ్ళు సన్న సీసాలో పోసి, మట్టం పైకి రావడం చూసి "ఎక్కువయ్యాయి" అంటారు. తిరిగి గిన్నెలో పోసి "తక్కువయ్యాయి" అంటారు. తప్పని దిద్దకండి. అవి అవే నీళ్ళన్న సంగతి ఆరేడేళ్ళు వచ్చేదాకా చాలామందికి తట్టదని పిల్లల ఆలోచనా తీరుని పరిశోధించిన పియాజే ఏనాడో చూపించాడు, ఆ వయసుకి అది సహజం. "మళ్ళీ పోసి చూడు" అంటే చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. పసిపిల్లలు కొద్ది నీళ్ళలో కూడా మునిగిపోగలరు. టబ్బు దగ్గర మనిషి లేకుండా ఒక్క నిమిషం ఉండకూడదు, ఆట కాగానే నీళ్ళు పారబోసి బోర్లించాలి.

మట్టికి మీకు కొదవలేదు, డెల్టాలో ఉన్నారు. వినాయక చవితి ముందు విగ్రహాలు చేసేవాళ్ళ దగ్గర బంకమట్టి తీసుకుని, రాళ్ళూ గాజుపెంకులూ ఏరి, తడి గోనెసంచిలో చుట్టి పెడితే చాలా రోజులుంటుంది.

గింజలతో జాగ్రత్త. వామనగుంటలు అంకెలకి అద్భుతమైన ఆట, గుంటకి ఒక పిక్క వేస్తూ పోవడమే లెక్క. పద్నాలుగు గుంటల పీట లేకపోతే గుడ్ల అట్ట పనికొస్తుంది. కానీ చింతపిక్కలు నాలుగేళ్ళు నిండినవాళ్ళకే, అదీ మీ కళ్ళెదుటే. ముక్కులో చెవిలో దోపుకోవడం ఈ వయసు పిల్లల హక్కులాంటిది. గింజ ముక్కులోకి పోతే పిన్నుతో తీయబోకండి, నీళ్ళు పోయకండి, తడికి గింజ ఉబ్బుతుంది. నేరుగా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గురివింద గింజలు, ఆముదం గింజలు, గన్నేరు, ఉమ్మెత్త కాయలు బడి ఆవరణలోనే ఉండకూడదు, అన్నీ విషమే. గురివిందలు ముద్దుగా ఉంటాయని టీచర్లే దండలు గుచ్చిస్తుంటారు, అది చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

తెనాలిలో నేనైతే ఎక్కడికి తీసుకెళ్తానంటే, మొదటి నెలలో మీ బడికి దగ్గర్లో ఉన్న కిరాణా కొట్టు, దర్జీ, ఇస్త్రీ బండి. అలవాటయ్యాక రైతుబజారు. పెద్ద బ్యాచ్‌ని నిమ్మకాయల మార్కెట్‌కి తీసుకెళ్ళండి. అక్కడ కాయల్ని సైజుని బట్టి, రంగుని బట్టి వేరుచేస్తారు. క్లాసులో మనం పూసలతో ఆడించే ఆటనే పెద్దవాళ్ళు బతుకుదెరువు కోసం చేస్తుండడం పిల్లలు చూడాలి. విగ్రహాలు చేసే శిల్పశాలలకి మీ ఊరు పేరున్నది, మట్టి నమూనా చేసే రోజు కనుక్కుని వెళ్ళండి. వెల్డింగ్ జరిగే రోజు మాత్రం గుమ్మం కూడా తొక్కొద్దు, ఆ వెలుగు కళ్ళకి చేటు. రైల్వే స్టేషన్ బాగుంటుంది గానీ, ఇద్దరు పిల్లలకి ఒక పెద్ద మనిషి ఉంటేనే. పసుపు బోర్డు మీద ఊరి పేరు మూడు లిపుల్లో ఉంటుంది. 'తె' ఎక్కడుందో వెతకమనండి. గూడ్సు బండి వస్తే పెట్టెలు లెక్కపెడతారు, ఇరవై దాటాక ఎవరి లెక్క వాళ్ళది. కాలవగట్ల దారి మాత్రం పట్టకండి, ఎంత దగ్గరైనా సరే. చుట్టు తిరిగి వెళ్ళండి.

రోడ్డు మీద జాగ్రత్తల్లో నేను బొత్తిగా రాజీపడను. 2013 నాటి జాతీయ బాల్య విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు 20 మందికి ఒక టీచరుండాలంది. అది గది లోపలి లెక్క. రోడ్డు మీద నలుగురికి ఒకరుండాలి, మూడేళ్ళవాళ్ళయితే ముగ్గురికి ఒకరు. మీకున్నది ముగ్గురు మనుషులు, 22 మందిని ఒకేసారి కదిలించలేరు. సగంమందినే తీసుకెళ్ళండి, ఆ రోజుకి ఇద్దరు ముగ్గురు తల్లుల్నో, తాతగార్లనో తోడు పిలవండి. మిగతా సగం ఇంకో రోజు. బళ్ళో ఉండిపోయే సగం దగ్గర కూడా ఒక టీచరుండాలి, ఇది మర్చిపోతుంటారు. లావు తాడుకి ఉచ్చులు కట్టి ఒక్కొక్కరు ఒక్కో ఉచ్చు పట్టుకుంటే వరస చెదరదు. ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకి కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనబడేలా నడవాలి. ముందొకరు, వెనకొకరు, బండ్ల వైపు ఒకరు. మెడలో కార్డు మీద బడి ఫోన్ నంబరు చాలు, పిల్లల పేరు బయటికి కనబడనక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే ఎవరి వెంటైనా వెళ్ళే వయసది. గుమ్మం దాటిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టాలి. లెక్కపెట్టే మనిషి ఒక్కరే ఉండాలి, "నువ్వు లెక్కపెట్టావనుకున్నా" అనే మాట రాకూడదు. కుక్క ఎదురైతే పరుగెత్తకుండా చెట్టులా నిలబడడం ముందే క్లాసులో ఆటగా ఆడించండి. బయల్దేరే ముందు అందరూ బాత్రూముకి. ఫిట్సు, ఆయాసం ఉన్న పిల్లల మందులు టీచరు సంచిలో ఉండాలి. వానాకాలం ముసురు రోజుల్లో, మార్చి దాటాక ఎండల్లో మానేయండి. తొమ్మిదిన్నరకల్లా తిరిగొచ్చేలా చూసుకుంటే ఏ నెలైనా ఇబ్బంది తక్కువ.

అయితే కొట్లవాళ్ళ దగ్గరికి పొద్దున్నే వెళ్ళేటప్పుడు ఒక మర్యాద ఉంది. బోణీ కాకముందు పదకొండు మంది పిల్లలతో వెళ్ళి, చూసి, ఏమీ కొనకుండా రావడం బాగుండదు. ముందు రోజే అడగండి, వెళ్ళినప్పుడు ఏదో ఒకటి కొనండి. బోణీ పిల్లల చేత్తోనే చేయిస్తే వాళ్ళకీ సంతోషం. ఇంకోటి, పనిచేసేవాళ్ళని పిల్లలకి పరిచయం చేసేటప్పుడు కులం పేరు నోట రాకూడదు. "కుండలు చేసే తాతగారు", "బట్టలు కుట్టే అత్తగారు", "చెప్పులు కుట్టే మావయ్యగారు". ఎవరికైనా 'గారు' ఉండాలి. డాక్టరుకి ఉండి చీపురు పట్టిన మనిషికి లేకపోతే, మూడేళ్ళ పిల్లలు కూడా ఆ తేడా పట్టేస్తారు. ఆ చీపురు పట్టినావిడ మీ బళ్ళో ఒక పిల్లకి అమ్మ అయి ఉండొచ్చు కూడా. పేరెంట్స్‌లో ఎవరు ఏ పని చేస్తారో కనుక్కుని, చూడడానికి రావచ్చా అని వాళ్ళనే అడగండి. కొందరు సంతోషిస్తారు, కొందరు మొహమాటపడతారు. మొహమాటపడినవాళ్ళని మళ్ళీ అడగొద్దు.

బయటికి వెళ్ళలేని రోజుల్లో ఊరినే లోపలికి పిలవండి. దర్జీ గారు టేపు, సుద్దముక్క తెచ్చి పిల్లల భుజాలు కొలిచి కాయితం మీద గీస్తే, ఆ పూట ఇంకేం పాఠం అక్కర్లేదు. పూలు కట్టే ఆవిడొస్తే ఒక మల్లె, ఒక కనకాంబరం, మళ్ళీ ఒక మల్లె అంటూ వరసలు వస్తాయి.

ఏడ్చే పిల్లల్ని, శబ్దాలంటే బెదిరే పిల్లల్ని బలవంతాన లాక్కెళ్ళకండి. అలాంటి పిల్లని ముందు రోజు ఒంటరిగా, వాళ్ళమ్మతో కలిపి, జనం లేనప్పుడు అదే కొట్టుకి తీసుకెళ్ళి చూపించండి. గుంపుతో వెళ్ళే రోజుకి అది తెలిసిన చోటవుతుంది. నడవలేని బిడ్డ ఉంటే అందరూ వెళ్ళే చోటునే మార్చండి, ఆ బిడ్డని బళ్ళో వదిలేసి వెళ్ళొద్దు.

చివరగా డబ్బు సంగతి. మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. నడిచి వెళ్ళేవాటికి పేరెంట్స్ దగ్గర రూపాయి కూడా వసూలు చేయకండి. కూరగాయల ఖర్చు బడిదే. జూన్‌లోనే ఏడాది మొత్తానికి ఒక అనుమతి కాయితం మీద సంతకం తీసుకుని, వెళ్ళే ముందు రోజు మాత్రం చోటు, వేళ, ఎవరెవరు తోడొస్తున్నారో మెసేజ్ పెట్టండి. ఎప్పుడైనా ఆటో ఎక్కాల్సి వస్తే దానికి వేరే సంతకం ఉండాలి, ఆటోలో కుక్కకుండా ఇంకో ఆటో పిలవాలి, ఆ కిరాయి లెక్క అందరికీ కనబడేలా నోటీసు బోర్డు మీద పెట్టాలి.